ప్రమాదం లేకుండా ప్రమాదాన్ని నేర్పే పాఠం

గోబర్ గ్యాస్ తొట్టి, పేడ గుంత, వాడకం మానేసిన బావి, సెప్టిక్ ట్యాంకు – ఇవన్నీ మన పాడి రైతుల ఇళ్ల చుట్టుపక్కల ఉండేవే. వీటిలో దిగి ఊపిరాడక మరణించినవారి వార్తలు పత్రికలలో అప్పుడప్పుడు చూస్తూనే ఉన్నాం. ఆ వార్తలలో గమనించదగిన సంగతి ఒకటి ఉంది. చనిపోయినది చాలాసార్లు ఒక్కరు కాదు, ఇద్దరో ముగ్గురో. మొదటివాడు పని కోసం దిగాడు. మిగిలినవారు అతనిని పైకి తీయాలని దిగారు.

ఇది మన దేశంలోనే జరిగేది కాదు. 1989 జూలై 26వ తేదీన అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఒక పాడి కుటుంబానికి జరిగినది చూడండి. పేడనీళ్లు నిలవచేసే గుంతలో, కలియబెట్టే యంత్రం తాలూకు పిన్నును మార్చవలసి వచ్చింది. ఆ పనికి 28 ఏళ్ల చిన్న కొడుకు గుంతలోకి దిగాడు. పైకి ఎక్కబోతూ స్పృహ తప్పి అడుగుకు పడిపోయాడు. అది చూసి 15 ఏళ్ల మనుమడు దిగాడు, అతనూ పడిపోయాడు. తరువాత దగ్గరి బంధువు, ఆ తరువాత పెద్ద కొడుకు, చివరకు 65 ఏళ్ల ఇంటి యజమాని – ఒకరి వెనుక ఒకరు దిగారు. ఐదుగురూ మరణించారు. ఆ రోజు అక్కడ తివాచీలు పరిచే పనికి వచ్చిన మనిషి కూడా దిగి పడిపోయాడు గాని, అతని సహాయకుడు బయటికి లాగగలిగాడు కనుక బతికాడు.

అమెరికా ప్రభుత్వానికి చెందిన నియోష్ అనే వృత్తి భద్రతా పరిశోధన సంస్థ 1986లోనే ఒక హెచ్చరిక ప్రకటించింది. గాలి సరిగా ఆడని ఇరుకు చోట్లలో మరణించినవారిలో 60 శాతానికి పైగా రక్షించడానికి వెళ్లినవారేనని అందులో చెప్పింది. అంటే ఈ ప్రమాదంలో అజాగ్రత్త కంటే ఆదుర్దా ఎక్కువమందిని బలి తీసుకుంటున్నది.

ఈ నెల పాఠానికి మేము ఈ విషయాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. “గుంతలో పడినవారిని చూసి మీరు దిగకండి” అన్న మాట కొత్తది కాదు. సభలలో చెబుతున్నాం, గోడలకు కాగితాలు అంటిస్తున్నాం. విన్నవారందరూ తల ఊపుతారు. అయినా కన్నకొడుకు కళ్ల ముందు కూలిపోతే తండ్రికి ఆ కాగితం గుర్తుకు రాదు. అతనికి ఉన్న వ్యవధి నాలుగైదు క్షణాలు. ఆ క్షణాలలో పనిచేసేది చెవితో విన్న మాట కాదు, శరీరానికి పట్టిన అలవాటు. పాలు పితకడం పుస్తకం చదివి ఎవరమూ నేర్చుకోలేదు గదా! బర్రె కాలు జాడించబోయే ముందు మన చెయ్యి దానంతట అదే చెంబును పక్కకు తీస్తుంది. అపాయం వచ్చినప్పుడు ఆగడం కూడా అలాగే చేతికి, కాలికి పట్టాలి. పట్టాలంటే సాధన కావాలి. సాధన చేయిద్దామంటే మనిషిని నిజమైన విషవాయువు ముందు నిలబెట్టలేం. ఈ చిక్కును కొంతవరకు విప్పే సాధనమే వర్చువల్ రియాలిటీ.

ఏమిటీ సాధనం?

ఒక విషయాన్ని బాగా వర్ణించి చెబితే “కళ్లకు కట్టినట్లు చెప్పాడు” అంటాం. ఇది అక్షరాలా కళ్లకు కట్టేదే. తలకు తగిలించుకునే ఒక పెట్టెలో రెండు కళ్లకూ రెండు బొమ్మలు కనిపిస్తాయి. ఒక్కొక్క కంటికి కొద్దిపాటి తేడాతో చూపడం వల్ల బొమ్మకు లోతు వస్తుంది. మీరు తల కుడివైపు తిప్పితే దృశ్యం కూడా ఆ మేరకు తిరుగుతుంది. కిందికి చూస్తే నేల, పైకి చూస్తే ఆకాశం కనిపిస్తాయి. చుట్టూ ఉన్న గది మాయమై, మీరు ఆ చోటనే నిలబడి ఉన్నట్లు తోస్తుంది.

సినిమాకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. సినిమా మనకు పరాయిది కాదు. 1976లో వచ్చిన “మంథన్” చిత్రానికి గుజరాత్ పాల ఉత్పత్తిదారులు 5 లక్షల మంది తలా 2 రూపాయలు వేసుకుని పెట్టుబడి పెట్టారు. సహకారమంటే ఏమిటో ఆ బొమ్మ ఊరూరా చూపింది. కాని సినిమాలో మనం చేయగలిగినది చూడడమే. కథానాయకుడు తప్పు దారి పట్టినా ఆపలేం. వర్చువల్ రియాలిటీలో దారి ఎంచుకునేది మీరే. అడుగు ముందుకు వేస్తే దాని ఫలితం వెంటనే మీకే కనిపిస్తుంది.

ఈ ఆలోచన పాతదే. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన, తమ కుటుంబం నడిపే ఆర్గన్ వాద్యాల కర్మాగారంలో ఉండే తోలుతిత్తులతోనే నేల మీద ఊగే ఒక బొమ్మ విమానం తయారుచేశాడు. మొదట దానిని వినోదపు వస్తువుగానే చూశారు. 1934లో సైనిక విమానాలు టపా మోస్తూ చెడు వాతావరణంలో వరుసగా కూలి పైలట్లు మరణించిన తరువాత, అమెరికా సైన్యం ఆ యంత్రాలను ఆరింటిని కొన్నది. మేఘాలలో చిక్కుకున్నప్పుడు ఏం చేయాలో పైలటు నేల మీదనే కూర్చుని అభ్యాసం చేశాడు. 1968లో ఐవాన్ సదర్లాండ్ తలకు తగిలించే తెరను చేసి చూపాడు. అది ఎంత బరువంటే, పైకప్పుకు వేలాడదీయవలసి వచ్చింది. ఇప్పుడు అదే పని కళ్లజోడు కంటే కాస్త పెద్దదైన హెడ్‌సెట్ చేస్తున్నది. మరీ చవకగా కావాలంటే అట్టపెట్టెలో రెండు భూతద్దాలు బిగించి, వెనుక సెల్‌ఫోన్ పెట్టి చూసే పద్ధతి కూడా ఉంది. ఆస్ట్రేలియాలో డీకిన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఒక పద్ధతిలో అగ్నిమాపక సిబ్బందికి హెడ్‌సెట్‌తోబాటు వేడెక్కే చొక్కా, నిజమైన గొట్టంలా వెనక్కు తన్నే నాజిల్ కూడా ఇస్తారు. మంట బొమ్మదే గాని చెమట నిజమైనదే.

నిజంగా నేర్పుతుందా?

కొత్త వస్తువును చూపి ఆహా ఓహో అనడం సులువు. పరీక్షకు పెట్టి చూసినవారు ఏం చెప్పారన్నది ముఖ్యం. ఇందుకు మంచి ఉదాహరణ పిల్లలు రోడ్డు దాటే పాఠం. సాయంత్రం పాలక్యాను పట్టుకుని రోడ్డుకు అవతల ఉన్న సేకరణ కేంద్రానికి వచ్చే పిల్లలు మన సంఘాలలోనూ ఉన్నారు కనుక ఇది మనకూ పనికివచ్చే సంగతే.

అమెరికాలోని బర్మింగ్‌హామ్ నగరంలో ఉన్న అలబామా విశ్వవిద్యాలయంలో డేవిడ్ ష్వేబెల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఈ పని చేశారు. ఒక గదిలో రోడ్డు అంచును పోలిన చెక్క మెట్టు ఉంటుంది. దాని ముందు మూడు తెరలు. ఆ తెరల మీద కుడి ఎడమల నుంచి వాహనాలు వస్తూ ఉంటాయి. దాటవచ్చు అనిపించినప్పుడు పిల్లవాడు మెట్టు దిగుతాడు. దిగిన మరుక్షణం తెర మీద బొమ్మ పిల్లవాడు రోడ్డు దాటుతాడు. వ్యవధి చాలిందా, బండి తగిలిందా, వెంట్రుకవాసిలో తప్పిందా అన్నది అక్కడికక్కడే తెలిసిపోతుంది.

2014లో ప్రకటించిన వారి పరిశోధనలో 7, 8 ఏళ్ల పిల్లలు 231 మంది పాల్గొన్నారు. వారిని నాలుగు జట్లుగా చేశారు. ఒక జట్టుకు ఈ బొమ్మ రోడ్డు మీద శిక్షణ. రెండవ జట్టులోని ఒక్కొక్క పిల్లవాడినీ పెద్దవారు నిజమైన రోడ్డు పక్కకు తీసుకువెళ్లి నేర్పారు. మూడవ జట్టుకు వీడియోలు, కంప్యూటర్ పాఠాలు చూపారు. నాల్గవ జట్టుకు ఏమీ నేర్పలేదు. నేర్పిన మూడు జట్లకూ అరగంట చొప్పున ఆరుసార్లు పాఠం జరిగింది. శిక్షణ కాగానే ఒకసారి, ఆరు నెలల తరువాత మరొకసారి పరీక్షించారు.

ఫలితం మనం జాగ్రత్తగా చదువుకోవలసినది. వీడియోలు చూసిన పిల్లలు నేర్చుకున్నది బహు స్వల్పం. బొమ్మ రోడ్డు మీద సాధన చేసినవారు కొంత మెరుగుపడ్డారు. అందరికంటే బాగా నేర్చుకున్నది, పెద్దవారి పక్కన నిజమైన రోడ్డు దగ్గర నిలబడిన పిల్లలు. ఇక కుడి ఎడమలు చూసే అలవాటు విషయంలో శిక్షణ వల్ల వచ్చిన మార్పు తక్కువే. యంత్రాన్ని తయారుచేసినవారే ఈ మాట దాచకుండా చెప్పినందుకు వారిని మెచ్చుకోవాలి. దీనినిబట్టి మేము గ్రహించినది ఇది: బిడ్డ చెయ్యి పట్టుకుని రోడ్డు దగ్గర నేర్పే తీరిక ఉన్న తల్లిదండ్రులకు హెడ్‌సెట్ అవసరం లేదు. కాని పేడ గుంతలోని విషవాయువుకు నిజమైన రోడ్డు లాంటి పాఠశాల లేదు. అక్కడ చేసే మొదటి తప్పే చివరిది కావచ్చు. కనుక ఈ సాధనం విలువ అటువంటి చోటనే ఎక్కువ.

గుంత పాఠం ఎలా ఉండాలి?

సమాఖ్య గాని, శిక్షణ కేంద్రం గాని ఇటువంటి పాఠం తయారు చేయించదలిస్తే అందులో ఏముండాలో సభ్యులు చెప్పగలగాలి. పెట్టె కొనడం పెద్ద పని కాదు. లోపల ఏ కథ పెట్టారన్నదే అసలు సంగతి. పట్టణంలోని భూగర్భ మురుగు కాలువ బొమ్మ చూపితే మనవారికి అది ఎవరిదో గొడవగా ఉంటుంది. పెరడు మన పెరడులా ఉండాలి. గోబర్ గ్యాస్ తొట్టి, పక్కనే కట్టేసిన గేదె, గడ్డివామి, తాడు, నిచ్చెన కనిపించాలి. స్లర్రీ కలియబెట్టడానికి దిగిన మనిషి మాట్లాడుతూ మాట్లాడుతూ ఒరిగిపోవాలి. ఇంట్లోనుంచి ఒక ఆడమనిషి కేక వినిపించాలి. అప్పుడు చూసేవారి కాలు ఎటు కదులుతుంది? అదే పరీక్ష. దిగితే చుట్టూ మసకబారి చీకటి కమ్ముతుంది, పాఠం మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఆగి, మిగతావారిని కూడా ఆపి, ఫోను అందుకున్నవారికే కథ ముందుకు సాగాలి.

దానితోబాటు కొన్ని నిజాలు కూడా తెలియాలి. గోబర్ గ్యాస్‌లో సగానికి పైగా మీథేన్, మిగిలిన దానిలో ఎక్కువ భాగం కార్బన్ డై ఆక్సైడ్. ప్రాణవాయువు ఉండదు. కొద్ది పాళ్లలో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ మరీ ప్రమాదకరమైనది. కదలకుండా ఉన్న పేడనీళ్లను కలియబెట్టినప్పుడు అది ఒక్కసారిగా పైకి వస్తుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. గాలిలో పది లక్షల వంతులకు వంద వంతులు చేరేసరికి ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియకుండా పోతుంది. “వాసన తగ్గింది, ఇక దిగవచ్చు” అనుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఇంకా ఎక్కువైతే ఒకటి రెండు శ్వాసలకే మనిషి కూలిపోతాడు.

పాతకాలంలో బావిలోకి దీపం దింపి, ఆరిపోకుంటే దిగేవారు. ఆ దీపం ప్రాణవాయువు ఉందో లేదో చెబుతుందేమో గాని హైడ్రోజన్ సల్ఫైడ్ సంగతి చెప్పదు. గోబర్ గ్యాస్ తొట్టిలోకి దీపం దింపితే మీథేన్ అంటుకుని తొట్టే పేలుతుంది. మూతి దగ్గర బీడీ కాల్చడం, మామూలు మోటారు ఫ్యాను పెట్టడం కూడా అంతే ప్రమాదం. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని దిగుతామనేవారు ఉన్నారు. గాలిలో ప్రాణవాయువే లేనప్పుడు గుడ్డ దానిని ఎక్కడి నుంచి తెస్తుంది? సొంతంగా గాలి మోసుకువెళ్లే పరికరం ధరించిన అగ్నిమాపక సిబ్బంది తప్ప మరెవరూ దిగరాదు. పడిపోయినవారికి ఇంకా స్పృహ ఉంటే పైనుంచి తాడు అందించవచ్చు. సెప్టిక్ ట్యాంకును రక్షణ సామగ్రి లేకుండా మనుషులను దింపి శుభ్రం చేయించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరమని కూడా గుర్తుంచుకోవాలి.

అమ్మోనియా సంగతి

గ్రామ సంఘాలలోని చిన్న బల్క్ కూలర్లలో సాధారణంగా అమ్మోనియా ఉండదు. పెద్ద శీతలీకరణ కేంద్రాలలో, డెయిరీలలో ఉంటుంది. ఆ కేంద్రాల పక్కన కాపురం ఉండే సభ్యులు, పాల లారీలతో రోజూ లోపలికి వెళ్లేవారు దీని గుణం తెలుసుకోవాలి. అమ్మోనియా ఆవిరి గాలి కంటే తేలిక. కాని ద్రవరూపంలో ఉన్నది కారితే సున్నాకు దిగువన 33 డిగ్రీల చల్లదనంతో పొగమంచులా నేలను పట్టుకుని పాకుతుంది. తడి అంటే దానికి మహా ఇష్టం. అందుకే కళ్లను, గొంతును, ఊపిరితిత్తులను పట్టుకుంటుంది. ఆ గుణం వల్లనే ఇక్కడ తడిగుడ్డ కొంత ఆదుకుంటుంది. గుంత దగ్గర పనికిరాని తువ్వాలే ఇక్కడ పనికివస్తుందన్నమాట.

అన్నిటికంటే ముఖ్యమైనది గాలివాటు. మనుషులు భయపడితే తమకు అలవాటైన గేటు వైపే పరుగెత్తుతారు. గాలి కూడా అటే వీస్తుంటే విషం వెన్నంటి వస్తుంది. గాలికి అడ్డంగా పక్కకు జరిగి, ఆ తరువాత గాలి వచ్చే దిక్కుకు చేరుకోవాలి. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ వాయువు కమ్ముకున్నప్పుడు నిద్రలో నుంచి లేచినవారు వీధుల్లోకి పరుగుతీశారు, ఎందరో దారిలోనే కూలిపోయారు. 12 మంది మరణించారు. పశువులు కట్టుగొయ్యల దగ్గరే ప్రాణాలు విడిచాయి. ఏ వాయువైనా, ఏ ఊరైనా, ఏ దిక్కుకు పోవాలన్న ప్రశ్న ఆ క్షణంలో పుట్టకూడదు. జెండా, పొగ, చెట్ల కొమ్మలు చూసి గాలి దిక్కు పట్టుకునే పాఠానికి వర్చువల్ రియాలిటీ చాలా అనువైనది. ఒకే ఊరిని గాలి దిక్కు మార్చి మార్చి పదిసార్లు చూపవచ్చు.

దీనికి ఒక లోటు ఉంది. మామూలు హెడ్‌సెట్ వాసన చూపలేదు. అమ్మోనియా సంగతి మొదట చెప్పేది ముక్కు. అది లేని పాఠం కొంత ఉప్పు లేని కూర వంటిదే. తాడు బరువు, తలుపు వేడి, పక్కవారి తోపులాట కూడా అందులో ఉండవు.

ఇక వాడకం సంగతి. కొందరికి ఈ పెట్టె పెట్టుకుంటే తల తిరుగుతుంది, వాంతి వచ్చినట్లుంటుంది. కన్ను నడుస్తున్నామని చెబుతుంటే చెవిలోని సమతూక భాగం నిలబడి ఉన్నామని చెప్పడం దీనికి కారణం. కుర్చీలో కూర్చోబెట్టి ఐదారు నిమిషాలతో మొదలు పెట్టాలి. గర్భిణులను, మూర్ఛ వ్యాధి ఉన్నవారిని కూర్చోబెట్టకపోవడం మంచిది. చిన్నపిల్లలకు వద్దని తయారీదారులే చెబుతున్నారు. ఒకరి తరువాత ఒకరు పెట్టుకునేటప్పుడు ముఖానికి తగిలే భాగం తుడవాలి. పాలు పితికే ముందు పొదుగు కడిగే సభ్యులకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

పెట్టె లేని సంఘాలకు

మంచి హెడ్‌సెట్ ధర పదుల వేల రూపాయలలో ఉంటుంది. ప్రతి గ్రామ సంఘమూ కొనాలని మేము అనము, కొనవద్దనే అంటాము. ఒకటి రెండు పెట్టెలు జిల్లా సమాఖ్య దగ్గర ఉండి, పశువైద్య శిబిరంలా ఊరూరా తిరిగితే చాలు. అది వచ్చేలోగా పైన చెప్పిన పరిశోధనలో గెలిచిన పద్ధతి మన చేతిలోనే ఉంది: చోటు చూపి, మనిషిని నిలబెట్టి చేయించడం.

సాయంత్రం పాలు పోసిన తరువాత సేకరణ కేంద్రం ముందు సుద్దతో గుంతంత వలయం గీయండి. ఒక యువకుడిని అందులో పడుకోమనండి. చుట్టూ ఉన్నవారికి ముందు ఏమీ చెప్పకండి. “అయ్యో, పడిపోయాడు!” అని సెక్రటరీ కేక వేయాలి. వలయంలో ఎవరు కాలు పెట్టారో వారినీ అతని పక్కనే పడుకోమనాలి. మొదటిసారి ఆ వలయం నిండిపోతుంది, నవ్వులు కూడా వస్తాయి, రానివ్వండి. రెండవసారి ఒకరు చేతులు చాచి మిగిలినవారిని ఆపాలి, ఒకరు 101కి, మరొకరు 108కి ఫోను చేసినట్లు ఊరి పేరు, వీధి గుర్తు, ఎంతమంది పడిపోయారు, ఏ గుంత అన్నది పైకి చెప్పాలి. నంబర్లు గుర్తు రాకపోతే 112 ఒక్కటి చాలు. ఫోనులో ఆ నాలుగు వివరాలు తడుముకోకుండా చెప్పడానికి చాలామందికి మూడు నాలుగు విడతలు పడుతుంది.

పాలు పోయడానికి వచ్చే అక్కచెల్లెళ్లను తప్పక నిలబెట్టండి. మగవారు పొలంలో ఉన్న వేళ ఇంటి దగ్గర గుంత పక్కన ఉండేది వారే. పేర్లు, తేదీ సంఘం మినిట్స్ పుస్తకంలో రాసి, ఆరు నెలలకు మళ్లీ అదే వలయం గీయండి. ఈసారి పడుకునేది ఎవరో సెక్రటరీకి తప్ప మరెవరికీ తెలియనివ్వకండి.